నూట అరవై అంటే ఏమిటి? టెస్ట్ పరికరాలు తమ సంగతి చెప్పుకునే తీరు

చర్లపల్లిలో ఒక చిన్న టెస్ట్ ల్యాబ్‌లో పనిచేసే రోజుల్లో ఒక బోర్డును రాత్రంతా నడిపి చూడాల్సి వచ్చింది. ఏర్పాటు పెద్దదేం కాదు. పవర్ సప్లై బోర్డుకు 12 వోల్టులు ఇస్తుంది, మల్టీమీటర్ బోర్డు అవుట్‌పుట్‌ను పది సెకన్లకోసారి కొలుస్తుంది, లాప్‌టాప్‌లో ఉన్న స్క్రిప్టు ఆ అంకెను ఫైల్లో రాసుకుంటుంది. సాయంత్రం ఏడింటికి మొదలుపెట్టి ఇళ్లకు వెళ్లాం. పొద్దున వచ్చి చూస్తే రాత్రి రెండు దాటేదాకా బుద్ధిగా 5.01, 5.01 అని వరుసగా ఉంది. అక్కడి నుంచి కిందికంతా సున్నాలే.

"బోర్డు పోయిందన్నా," అన్నాడు నాతో పనిచేసే కుర్రాడు. అప్పటికే కస్టమర్‌కు మెయిల్ రాయడం మొదలుపెట్టాడు.

ఆగమని చెప్పి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ముందు పవర్ సప్లైకి అవుట్‌పుట్ ఆన్ చేయమని కమాండ్ పంపాను. హడావుడిలో స్పెల్లింగ్‌లో ఒక అక్షరం ఎగిరిపోయింది. సప్లై కిక్కురుమనలేదు. అప్పుడు, నిజానికి మొదటే అడగాల్సిన ప్రశ్న, నీకేం జరిగిందని, అడిగాను: *ఈఎస్‌ఆర్? అని. ఒకే ఒక్క అంకె వచ్చింది. 160.

(కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగులోనే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు అవే అక్షరాలు ఇంగ్లిష్‌లో కొట్టాలి.)

ఒక్కో సంగతికి పరికరం ఒక్కో అంకె పెట్టుకుని, జరిగినవాటిని కూడి చెబుతుంది. 160 అంటే 128, 32 కలిపితే వచ్చేది. 32 అంటే "నువ్వు పంపినదేదో నాకు అర్థం కాలేదు" అని. అది నా తప్పు, ఇందాకటి స్పెల్లింగ్. 128 అంటే "నాకు కరెంటు కొత్తగా వచ్చింది" అని. స్క్రిప్టు మొదలైనప్పుడే ఈ లెక్కంతా చెరిపేసి సున్నా చేశాం. అంటే రాత్రి మధ్యలో సప్లై ఆగి మళ్లీ లేచింది. మీటర్ యూపీఎస్ మీద ఉంది, లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, సప్లై ప్లగ్గు మాత్రం గోడలో మామూలు సాకెట్‌లో ఉంది. కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది. సప్లై తన అలవాటు ప్రకారం అవుట్‌పుట్ ఆఫ్‌లో పెట్టుకుని లేచి కూర్చుంది. మళ్లీ ఆన్ చేయమని చెప్పేవాళ్లెవరూ లేరు. బోర్డుకు ఏమీ కాలేదు.

పరికరాన్ని కంప్యూటర్‌తో నడపడమంటే కమాండ్ పంపడమేనని కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు అనుకుంటారు. పంపడం ఒక పూటలో వచ్చేస్తుంది. పరికరం అది విన్నదా, అర్థమైందా, చేసిందా, చేయడం పూర్తయిందా, మనం చూడని సమయంలో ఇంకేదైనా జరిగిందా అనేవి తెలుసుకోవడంలోనే అసలు పనంతా ఉంది. ఈ ప్రశ్నలన్నింటికీ పరికరం దగ్గర సమాధానాలున్నాయి. మాన్యువల్లో ఆ అధ్యాయం తెరిస్తే మాత్రం పెట్టెలు, బాణాలు, ఎనిమిదేసి బిట్ల (ఉంది, లేదు అని మాత్రమే చెప్పే గుర్తుల) నిచ్చెనలు కనిపించి పుస్తకం మూసేయాలనిపిస్తుంది. నేను మూడేళ్లు మూసేసే ఉంచాను. నిజానికి ఆ బొమ్మంతా ఒకే చిన్న ఆలోచనను నాలుగు చోట్ల పెట్టి గీసింది.

మొదట తీగల సంగతి. హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీ 1960ల చివర్లో తన పరికరాలను ఒకదానితో ఒకటి కలపడానికి ఒక బస్, అంటే అన్నీ పంచుకునే ఉమ్మడి తీగల దారి, తయారుచేసుకుంది. అదే 1975లో ఐఈఈఈ 488 అనే ప్రమాణమైంది. జనం నోట్లో జీపీఐబీ. 24 పిన్నుల లావుపాటి కనెక్టర్, ఒకదాని వీపు మీద ఇంకొకటి ఎక్కించి స్క్రూ బిగించుకోవచ్చు. సిగ్నల్ తీగలు 16: డేటాకు ఎనిమిది, "ఇచ్చాను, తీసుకున్నావా" అనే లాంఛనానికి మూడు, పెత్తనానికి ఐదు. ఒక బస్ మీద మొత్తం 15 పరికరాలు, మొత్తం కేబుల్ 20 మీటర్లకు మించకూడదు.

ఆ మూడు తీగల లాంఛనం నాకు చాలా ఇష్టం. పెళ్లి బంతిలో ఒకాయన ఇంకా పెరుగన్నం కలుపుకుంటుంటే మిగతావాళ్లు లేవకుండా కూర్చుంటారు చూడండి, సరిగ్గా అలాగే. ఒక అక్షరం బస్ మీదికి వస్తే వినాల్సిన పరికరాలన్నీ "తీసుకున్నాను" అనేదాకా తర్వాతి అక్షరం రాదు. అందరికంటే నిదానంగా తినేవాడే వేగం నిర్ణయిస్తాడు. అందుకే అక్షరం జారిపోవడం అనేది అక్కడ దాదాపు ఉండదు.

కానీ 1975 ప్రమాణం తీగల గురించే మాట్లాడింది, మాటల గురించి కాదు. ఏ కంపెనీ భాష దానిదే. హెచ్‌పీ 3478ఏ మీటర్‌ను డీసీ వోల్టులు కొలవమనాలంటే ఎఫ్1 అని పంపాలి. పక్క కంపెనీ మీటర్‌కు అదే ఎఫ్1 ఇంకేదో కావచ్చు, అసలేమీ కాకపోవచ్చు. పరికరం తన స్థితి చెప్పే స్టేటస్ బైట్‌లోనూ ఎనిమిది బిట్లలో ఒక్కదానికే అందరికీ ఒకటే అర్థం ఉండేది. మిగతా ఏడు తయారీదారు ఇష్టం. 1987లో వచ్చిన 488.2 ప్రమాణం ఈ గందరగోళానికి చాలావరకు అడ్డుకట్ట వేసింది. నక్షత్రం గుర్తుతో మొదలయ్యే ఉమ్మడి కమాండ్లు దాని చలవే. 1990లో దాని మీద ఎస్‌సీపీఐ వచ్చింది. స్కిపీ అని పలుకుతారు. వోల్టేజ్, కరెంట్, ట్రిగ్గర్ (కొలత మొదలుపెట్టమనే సైగ) వంటివాటికి అందరికీ ఒకే పేర్లు, చెట్టు కొమ్మల్లాంటి ఒకే అమరిక అది తెచ్చింది.

ఉమ్మడి కమాండ్లలో అందరూ మొదట నేర్చుకునేది *ఐడీఎన్?. "నువ్వెవరు?" అని అడగడం. కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్, ఫర్మ్‌వేర్ అని నాలుగు ముక్కలు కామాలతో వస్తాయి. ఇందులోనూ తిరకాసులున్నాయి. 1999లో హెచ్‌పీ నుంచి టెస్ట్ పరికరాల వ్యాపారం ఎజిలెంట్‌గా విడిపోయింది, 2014లో అదే కీసైట్ అయింది. 34401ఏ మీటర్ ముందు పలక మీద ఎజిలెంట్ అని ఉన్నా అడిగితే హ్యూలెట్-ప్యాకార్డ్ అనే చెబుతుంది. పాత ప్రోగ్రాములు చెడిపోకూడదని ఆ ఏర్పాటు. సీరియల్ నంబర్ చోట 0 అంటుంది. కంపెనీ పేరు చూసి నిర్ణయాలు తీసుకునే స్క్రిప్టు రాసినవాళ్లు ఏదో ఒకరోజు దెబ్బతింటారు.

స్కిపీ వ్యాకరణం గురించి రెండే మాటలు. ప్రతి పదానికీ ఒక పొడుగు రూపం, ఒక పొట్టి రూపం ఉంటాయి. వోల్టేజ్ అని ఏడు అక్షరాలూ రాయొచ్చు, లేదా మొదటి నాలుగే రాయొచ్చు. ఐదో ఆరో రాస్తే కుదరదు. "ఆమాత్రం అర్థం చేసుకోలేదా" అనిపిస్తుంది కానీ, చేసుకోదు. రెండో ఉచ్చు కోలన్. ఒకే వరుసలో సెమీకోలన్ పెట్టి రెండు కమాండ్లు పంపితే రెండోదాన్ని మొదటి కమాండ్ ఉన్న కొమ్మ మీదే వెతుకుతుంది. ట్రిగ్గర్ల సంఖ్య చెప్పి, సెమీకోలన్ పెట్టి, శాంపిళ్ల సంఖ్య చెప్పామనుకోండి. శాంపిల్ అనే మాటను ట్రిగ్గర్ కొమ్మ మీద వెతికి, దొరక్క, ఎర్రర్ రాసుకుంటుంది. రెండోదాని ముందు కోలన్ పెడితే మళ్లీ చెట్టు మొదలు నుంచి చూస్తుంది. ఈ ఒక్క చుక్కల జంట కోసం నేను ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను.

రాసుకుంటుంది అన్నాను, చెబుతుంది అనలేదు. తేడా అక్కడే ఉంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా. పరికరం కూడా ఎర్రర్లను వరుసగా తన దగ్గర పేర్చుకుని ఊరుకుంటుంది. ముందు పలక మీద ఓ మూల చిన్న గుర్తు వెలుగుతుందేమో, ఒక బీప్ వస్తుందేమో. రాత్రి రెండింటికి దాన్ని ఎవరు చూస్తారు, ఎవరు వింటారు? సిస్టమ్ ఎర్రర్ ప్రశ్న పంపినప్పుడు ఒక్కొక్కటే బయటికిస్తుంది, పాతది ముందు. మైనస్ 113 అంటే అలాంటి కమాండే లేదని. మైనస్ 222 అంటే కమాండ్ బాగానే ఉంది, అడిగిన విలువే నా పరిధిలో లేదని. అన్నీ అయిపోయాక 0 వస్తుంది, పక్కన "నో ఎర్రర్" అని. సున్నా వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి. ఒక్కసారి అడిగి ఆపేస్తే, వచ్చింది నిన్నటి ఎర్రరైతే, ఇవాళ్టి కమాండ్‌లో లేని తప్పు వెతుకుతూ కూర్చుంటాం. వరుస నిండిపోతే చివరిదాన్ని తీసేసి దాని చోట మైనస్ 350 పెడుతుంది. ఇంక పట్టవు, కొన్ని పోయాయి అని దానర్థం.

ఇక ఆ పెట్టెల బొమ్మ. ఫోన్‌తో పోల్చి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది.

ఫోన్ ఇప్పుడు మోగుతోందా లేదా అన్నది ఒక సంగతి. అది ఈ క్షణపు స్థితి. పరికరంలో దాన్ని ఉంచే గడిని కండిషన్ రిజిస్టర్ అంటారు. మోగడం ఆగగానే అది సున్నా అవుతుంది, ఆనవాలు మిగలదు. మోగినప్పుడు మనం బయట ఉంటే? మిస్డ్ కాల్ ఉంటుంది. కాల్ ఎప్పుడో ఆగిపోయినా, మనం చూసేదాకా తెర మీద ఆ గుర్తు అలాగే ఉంటుంది. ఇది ఈవెంట్ రిజిస్టర్. ఎవరి కాల్‌కు శబ్దం రావాలి, ఎవరిది సైలెంట్‌లో ఉండాలి అన్నది మనం పెట్టుకునే సెట్టింగ్. అది ఎనేబుల్ రిజిస్టర్. వీటిలో శబ్దం చేయాల్సిన మిస్డ్ కాల్ ఒక్కటి ఉన్నా చాలు, పై అంతస్తులో ఒక లైటు వెలుగుతుంది. దాన్ని సారాంశపు బిట్ అంటారు. స్థితి, గుర్తు, జల్లెడ, లైటు. ఇంతే. మాన్యువల్లోని ప్రతి పెట్టెల గుంపూ ఇదే.

మిస్డ్ కాల్ పోలిక ఇంకో చోట కూడా పనికొస్తుంది. ఈవెంట్ రిజిస్టర్‌ను చదివితే అది చెరిగిపోతుంది. మన ఫోన్ పక్కింటి అబ్బాయి తీసి చూశాడంటే గుర్తు పోతుంది, మనకు కాల్ వచ్చిన సంగతే తెలియదు. ఒకే పరికరాన్ని రెండు ప్రోగ్రాములు అడుగుతుంటే సరిగ్గా ఇదే జరుగుతుంది. ఆ పొద్దున నేను *ఈఎస్‌ఆర్? రెండోసారి అడిగి ఉంటే సున్నా వచ్చేది. 160ని కాగితం మీద రాసుకోకపోయి ఉంటే, కరెంటు పోయిందనడానికి నా దగ్గర ఆధారం ఉండేది కాదు.

*ఈఎస్‌ఆర్? చదివే ఆ రిజిస్టర్‌లో ఎనిమిది బిట్లున్నాయి. 128, 32 సంగతి చూశాం. మొదటిది కరెంటు కొత్తగా రావడం, రెండోది కమాండ్ అర్థం కాకపోవడం. 16 అంటే అర్థమైంది కానీ చేయలేను, మన 30 వోల్టుల సప్లైని 300 ఇవ్వమంటే వచ్చేది ఇదే. 8 అంటే పరికరం లోపలి ఇబ్బంది. 4 అంటే ప్రశ్నా సమాధానాల మర్యాద తప్పడం, దాని దగ్గరికి మళ్లీ వస్తాను. 64 అంటే ఎవరో ముందు పలక మీద బటన్ నొక్కారని, అయితే చాలా పరికరాలు దీన్ని పట్టించుకోవు. 2 ఈ రోజుల్లో ఎవరికీ పట్టదు. 1 అంటే పని పూర్తయిందని. ఎర్రర్ నంబర్లు కూడా వీటితో జత కుదిరి ఉంటాయి. మైనస్ వందల్లో ఉన్నది 32ను వెలిగిస్తుంది, రెండు వందల్లోది 16ను, మూడు వందల్లోది 8ని, నాలుగు వందల్లోది 4ను. ఏ రకం తప్పో బిట్ చెబుతుంది, ఏ తప్పో వరుస చెబుతుంది.

మర్యాద సంగతి. ప్రశ్న అడిగితే సమాధానం చదవాలి. చదవకుండా ఇంకో కమాండ్ పంపితే పరికరం పాత సమాధానాన్ని పారేసి మైనస్ 410 రాసుకుంటుంది, మధ్యలో అడ్డుపడ్డావని. ఏమీ అడగకుండానే చదవబోతే మైనస్ 420. ఆ పొద్దున నేను తప్పు స్పెల్లింగ్‌తో పంపింది ఆదేశం. అదే ఒక ప్రశ్నలో తప్పు చేసి, రాని సమాధానం కోసం ఎదురుచూసి ఉంటే, జీపీఐబీ మీద 160 బదులు 164 వచ్చేది. ఆ అదనపు 4 దగ్గర ఇంకో పావుగంట పోయేది.

ఈ ప్రామాణిక ఈవెంట్ రిజిస్టర్ కాక స్కిపీ ఇంకో రెండు గుంపులు పెట్టింది. ఆపరేషన్ అనేది పరికరం ఇప్పుడేం చేస్తోందో చెబుతుంది: కొలుస్తోందా, ఒక విలువ నుంచి ఇంకో విలువ దాకా వరుసగా వెళ్లే స్వీప్‌లో ఉందా, ట్రిగ్గర్ కోసం ఎదురుచూస్తోందా. క్వశ్చనబుల్ అనేది ఇస్తున్న అంకెను నమ్మొచ్చా లేదా అని చెబుతుంది: వోల్టేజ్, కరెంట్, ఉష్ణోగ్రత, కేలిబ్రేషన్, వీటిలో దేని మీద అనుమానం ఉందో. నన్నడిగితే అందరూ ముందు నేర్చుకోవాల్సింది ఈ రెండోదే. అందరూ వదిలేసేదీ అదే. పవర్ సప్లై 12 వోల్టులు పట్టుకోలేక మూడు సెకన్లు కరెంట్ లిమిట్‌లోకి జారి మళ్లీ మామూలైందనుకోండి. పది సెకన్లకోసారి కొలిచే మీటర్‌కు ఆ జారుడు దొరకకపోవచ్చు. కండిషన్ అడిగితే "అంతా బాగుంది" అంటుంది, అది అబద్ధం కాదు, ఇప్పుడు బాగానే ఉంది మరి. ఈవెంట్ అడిగితేనే మధ్యలో జరిగింది బయటపడుతుంది. చాలా పరికరాల్లో ఇంకో సూక్ష్మం కూడా ఉంటుంది: సమస్య మొదలైనప్పుడు గుర్తు పడాలా, తీరినప్పుడు పడాలా, రెండుసార్లూనా అని మనమే చెప్పొచ్చు. ఓవెన్ వేడెక్కి నిలకడకు వచ్చినప్పుడు చెప్పమనడానికి తీరినప్పటి గుర్తు పనికొస్తుంది. అయితే ఏ బిట్ ఏమిటన్నది ఈ రెండు గుంపుల్లో పరికరానికీ పరికరానికీ కొంత మారుతుంది. ఇక్కడ మాత్రం ఆ మోడల్ మాన్యువల్ తెరవక తప్పదు.

ఈ గుంపుల లైట్లన్నీ చేరేది స్టేటస్ బైట్‌లో. అక్కడ 128 అంటే ఆపరేషన్ గుంపు, 32 అంటే ప్రామాణిక ఈవెంట్ గుంపు, 16 అంటే నీ కోసం సమాధానం సిద్ధంగా ఉంది, 8 అంటే క్వశ్చనబుల్ గుంపు, 4 అంటే ఎర్రర్ల వరుసలో ఏదో ఉంది. 64 అన్నది వీటిలో మనం కోరుకున్నది వెలిగితే గంట కొట్టేది. ఇక్కడొక తికమక: కింది అంతస్తులో 32 అంటే కమాండ్ తప్పు, పై అంతస్తులో అదే 32 అంటే కింది అంతస్తులో ఏదో వెలిగిందని. 128 కూడా అంతే. ఏ అంతస్తు అంకెను చదువుతున్నామో గుర్తుంచుకోకపోతే పరికరం ఒకటి చెబుతుంటే మనం ఇంకోటి వింటాం.

గంట అన్నది మాటవరసకు కాదు. జీపీఐబీలో దానికో తీగే ఉంది, ఎస్‌ఆర్‌క్యూ అని. పదిహేను మంచాల ఆసుపత్రి వార్డులో అందరికీ కలిపి ఒకటే గంట ఉన్నట్టు. మోగితే ఎవరికో ఏదో అయిందని తెలుస్తుంది, ఎవరికో తెలియదు. నర్సు ఒక్కో మంచం దగ్గరికీ వెళ్లి అడగాలి. ఆ తిరగడాన్ని సీరియల్ పోల్ అంటారు. ఇందులో పరికరం కమాండ్లు చదివే భాగానికి పనేమీ పడదు. అది ఏదో పెద్ద కొలతలో మునిగి ఉన్నా స్టేటస్ బైట్ వచ్చేస్తుంది.

మా కథకే దీన్ని అన్వయిస్తే ఇలా. సాయంత్రం సప్లైకి *ఈఎస్‌ఈ 128 అని పంపామనుకోండి. కరెంటు కొత్తగా వస్తే పై లైటు వెలిగించమని. *ఎస్‌ఆర్‌ఈ 32 అని పంపాం, ఆ లైటు వెలిగితే గంట కొట్టమని. *పీఎస్‌సీ 0 అని కూడా పంపాలి, లేకపోతే కరెంటు పోయినప్పుడు ఈ సెట్టింగులే చెరిగిపోతాయి, మోగాల్సిన గంట మోగదు. చాలా పవర్ సప్లైల్లో ఈ కమాండ్ ఉంటుంది. ఇప్పుడు రాత్రి రెండింటికి కరెంటు పోయి వస్తే గంట మోగుతుంది. సీరియల్ పోల్ చేస్తే 96 వస్తుంది, 64, 32 కలిపి. వెంటనే మళ్లీ పోల్ చేస్తే 32 మాత్రమే. నర్సు వచ్చి వెళ్లింది కాబట్టి గంట ఆగింది, నొప్పి మాత్రం ఇంకా ఉంది. పోల్ చేయకుండా అదే స్టేటస్ బైట్‌ను *ఎస్‌టీబీ? అనే ప్రశ్నతో అడిగితే మాత్రం ఎన్నిసార్లయినా ఆ 64 అలాగే కనిపిస్తుంది, కింది అంతస్తు రిజిస్టర్‌ను చదివి చెరిపేదాకా. ఒకే అంకెను రెండు రకాలుగా అడిగితే రెండు సమాధానాలు వస్తున్నాయని బుర్ర గోక్కునేవాళ్లకు కారణం ఇదే.

చెరపడం గురించి కూడా ఒక గందరగోళం ఉంది. *ఆర్‌ఎస్‌టీ పంపితే అన్నీ శుభ్రమవుతాయని చాలామంది అనుకుంటారు. అది పరికరం సెట్టింగులను మొదటికి తెస్తుంది కానీ గుర్తులను, ఎర్రర్ల వరుసను ముట్టుకోదు. వాటిని చెరిపేది *సీఎల్‌ఎస్. అది మళ్లీ ఎనేబుల్ సెట్టింగులను ముట్టుకోదు. ఒకటి బట్టలు మారుస్తుంది, ఇంకొకటి మొహం కడుగుతుంది. టెస్ట్ మొదట్లో రెండూ కావాలి.

పని పూర్తయిందా అన్న ప్రశ్నకు వద్దాం. చాలా స్క్రిప్టుల్లో దీనికి సమాధానం రెండు సెకన్లు నిద్రపోవడం. నిద్ర చాలకపోతే ఐదు. అప్పటికీ చాలకపోతే టెన్షన్ పడి పది. దీనికి బదులు *ఓపీసీ? అని అడిగితే, చేతిలో ఉన్న పనులన్నీ అయ్యాకే పరికరం 1 అని చెబుతుంది. అంతకన్నా తేలిక లేదు. చిక్కల్లా, స్వీప్‌కు నలభై సెకన్లు పడుతుంటే మన ప్రోగ్రాం అంతసేపు ఓపిక పట్టాలి. పైథాన్‌లో పరికరాలతో మాట్లాడటానికి వాడే లైబ్రరీ పైవీసాలో మామూలుగా ఉండే గడువు రెండు సెకన్లే. అది దాటగానే ప్రోగ్రాం విసుక్కుని వెళ్లిపోతుంది, పరికరం మాత్రం నలభయ్యో సెకనుకు తన 1 చెబుతుంది. కొన్ని పరికరాల్లో, ముఖ్యంగా నెట్‌వర్క్ మీద నేరుగా మాట్లాడేటప్పుడు, ఆ ఆలస్యపు 1 తర్వాతి ప్రశ్నకు సమాధానంగా చేతికొస్తుంది. వోల్టేజ్ ఎంత అంటే 1. కరెంట్ ఎంత అంటే ఇందాకటి వోల్టేజ్. అక్కడి నుంచి ప్రతి సమాధానం ఒక ప్రశ్న వెనకే నడుస్తుంటుంది, అన్నీ చూడటానికి మాత్రం సరైన అంకెల్లాగే ఉంటాయి. దీర్ఘమైన పనులకు ప్రశ్న గుర్తు లేని *ఓపీసీ పంపి, అయిపోయాక గంట కొట్టించుకోవడమే మేలు.

అయితే పూర్తయిందన్న మాటను కూడా ఎంతవరకు నమ్మాలో తెలియాలి. సప్లై "12 వోల్టులు పెట్టేశాను" అంటే తన లెక్కలో పెట్టింది. బోర్డు మీద పెద్ద కెపాసిటర్ ఉంటే అది నిండటానికి పట్టే సమయం సప్లైకి తెలియదు. అక్కడ కొద్దిగా నిద్ర న్యాయమే.

పరికరం అంకె రూపంలోనే ఫిర్యాదు చేసే సందర్భం ఒకటుంది. మీటర్ పరిధి దాటిన వోల్టేజ్ వస్తే స్కిపీ ప్రకారం 9.9ఈ37 అని పంపుతుంది, అంటే 9.9ని పదితో 37 సార్లు గుణించినంత. దానర్థం అనంతం అని. అసలు అంకే కాదు అని చెప్పడానికి 9.91ఈ37. వీటిని గమనించకుండా అరవై కొలతల సగటు తీస్తే, యాభై తొమ్మిది 5 వోల్టుల దగ్గరే ఉన్నా, సగటు 1.65ఈ36 వోల్టులు వస్తుంది. అది చూసి నవ్వుకుని సరిచేసుకోవచ్చు. దాన్ని గ్రాఫ్ గీసినప్పుడే ప్రమాదం. ఒక్క చుక్క ఆకాశంలో ఉండి, మిగతావన్నీ నేలబారు గీతై, "సిగ్నల్ ఏమీ లేదు" అన్న రిపోర్టు తయారవుతుంది.

ఇప్పుడు కొత్త బెంచీల మీద జీపీఐబీ తగ్గి యూఎస్‌బీ, ల్యాన్ వచ్చాయి. తీగ మారినా భాష అదే. కానీ గంట సంగతి జాగ్రత్త. పరికరాలతో యూఎస్‌బీ మీద మాట్లాడటానికి 2003లో వచ్చిన యూఎస్‌బీటీఎంసీలో 488 కోసం చేసిన ఉపవిభాగం గంటను మోసుకొస్తుంది. ల్యాన్‌లో అలాంటి పద్ధతులే అయిన 1995 నాటి వీఎక్స్‌ఐ-11, 2010లో వచ్చిన హైస్లిప్ కూడా మోస్తాయి. అందరూ సులువని వాడే, నెట్‌వర్క్ మీద అక్షరాలను ఉన్నదున్నట్టు పంపే 5025 పోర్టు నేరు సాకెట్‌లో మాత్రం గంటా లేదు, సీరియల్ పోలూ లేదు. అక్కడ మనమే ఎప్పటికప్పుడు *ఎస్‌టీబీ? అడుగుతూ ఉండాలి, అదీ పరికరం వేరే కమాండ్‌లో ఇరుక్కుని లేనప్పుడు. పాత జీపీఐబీ ప్రోగ్రాంను సాకెట్‌కు మార్చి "ఎస్‌ఆర్‌క్యూ పనిచేయడం లేదు" అని పరికరాన్ని తిట్టేవాళ్లను చూశాను. ముందు పలకకు తాళం వేసే లోకల్ లాకవుట్ కూడా అంతే, ఏ దారిలో ఉందో ఏ దారిలో లేదో చూసుకోవాలి. రాత్రి నడిచే టెస్ట్‌లో ల్యాబ్ ఊడ్చడానికి వచ్చినవాళ్ల చెయ్యి నాబ్‌కు తగలదన్న గ్యారంటీ ఏమీ లేదు.

మా స్క్రిప్టులో ఆ రోజు పెద్ద మార్పులేమీ చేయలేదు. మీటర్ నుంచి ప్రతి అంకె తీసుకునేటప్పుడు సప్లైని కూడా *ఈఎస్‌ఆర్? అని, క్వశ్చనబుల్ ఈవెంట్ అని అడిగి, ఆ రెండు అంకెలూ అదే వరుసలో రాయించాం. ఫైల్లో రెండు నిలువు వరుసలు పెరిగాయి. కుర్రాడు కస్టమర్‌కు రాసిన మెయిల్ చెరిపేసి, సప్లై ప్లగ్గు తీసి యూపీఎస్‌లో పెట్టాడు. సాయంత్రం ఏడింటికి మళ్లీ మొదలుపెట్టాం. పొద్దునకి మొదటి నిలువు వరుసలో 5.01లు, పక్క రెండింటిలో చివరిదాకా సున్నాలు.